ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదు

"ఈ పేజీ చూసే అనుమతి మీకు లేదు" అంటోంది తెర. స్కూలు ఆఫీసులో గుమాస్తా ఆ తెరని నావైపు తిప్పి, ఇక తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆ వాక్యాన్ని చదవడం లేదు, దాని వంక చూస్తున్నానంతే, ఎందుకంటే అది నేనే రాశాను, మా ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర, చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని. మొదట్లో "క్షమించండి" అని చేరుద్దామన్నాడు తాతగారు. తాతగారంటే నిజంగా తాతగారు కాదు, ముప్ఫై కూడా నిండలేదు అతనికి, కుర్చీలోంచి లేచినా కూర్చున్నా మూలుగుతాడని మా టీమంతా కలిసి పెట్టిన పేరు. నేను వద్దన్నాను. తలుపు తియ్యం అని చెప్పేటప్పుడు క్షమాపణ దేనికి, చెంప మీద కొట్టి బుగ్గ నిమిరినట్టు ఉంటుంది, ఉంటే ఉంది లేకపోతే లేదు, అవతలివాళ్ళకి సంగతి తెలిస్తే చాలు అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను. ఇవతల నిలబడి చూస్తే ఆ వాక్యంలో బరువైన మాట "లేదు" కానే కాదు, "మీకు". ఎవరికో ఉంది, మీకు లేదు.

పాప మెట్ల మీంచి పడిందట. ఆటల పీరియడ్ అయ్యాక రెండేసి మెట్లు దూకుతూ దిగబోయి, కిందమెట్టు అంచుకి గడ్డం కొట్టుకుందట. గడ్డం కింద చీలింది, కుట్లు పడాలి, పక్క వీధిలోనే ఆసుపత్రి ఉంది. కానీ పిల్లని గేటు దాటించాలన్నా, కుట్లు వెయ్యమని డాక్టరుకి చెప్పాలన్నా తల్లో తండ్రో రావాలి, లేదా వాళ్ళిద్దరిలో ఒకరు అనుమతి ఇచ్చిన మనిషి రావాలి. ప్రాణం మీదికొస్తే స్కూలువాళ్ళే ఎత్తుకుని పరిగెడతారు, గడ్డం చీలడం ప్రాణం మీదికి రావడం కిందికి రాదు. తండ్రి, అంటే మా ఆయన, పొద్దున్నే ఉద్యోగం పని మీద విమానమెక్కాడు, ఇప్పుడు ఏ మబ్బుల్లో ఉన్నాడో, ఫోను ఉలకదు పలకదు. అనుమతుల్లో నా పేరు చేర్చమని ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు, ఆయనకీ తట్టలేదు. తల్లి వేరే ఊళ్ళో ఉంటుంది, ఆవిడ ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. "మీరు పాపకి ఏమవుతారండీ?" అని గుమాస్తా అడిగినప్పుడు, "వాళ్ళ నాన్నగారి భార్యని" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది, ముక్కు ఎక్కడ అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు ఉంది ఆ జవాబు. ఆమె కళ్ళు ఒక్క క్షణం నా మీద ఆగి, మళ్ళీ మర్యాదగా తెర మీదికి పోయాయి.

"మీమీద నమ్మకం లేక కాదండీ. కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు," అంది.

అందరూ అదే అంటారు. కంప్యూటర్‌కి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఏం తెలుసు పాపం, అది గంగిరెద్దు, ఆడించినవాళ్ళు తల ఊపమంటే ఊపుతుంది. ఒప్పుకోనిది నేను. ఈ యాప్‌లో ఎవరు ఏ పేజీ చూడొచ్చో, ఎవరికి ఏ గది తలుపు తీసి ఉండాలో, ఆ భాగం మొత్తం నాది. తల్లిదండ్రులకి ఒక రోల్, టీచర్లకి ఒకటి, ఆఫీసుకి ఒకటి, నర్సుకి ఒకటి. ఏ రోల్‌లో ఉంటే ఆ పేజీలే కనబడతాయి, మిగతావి ఉన్నాయని కూడా తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠం చెబుతాను, మెనూలోంచి పేజీ పేరు తీసేస్తే సరిపోదర్రా, బోర్డు పీకేసినంత మాత్రాన గది లేకుండా పోదు, దారి తెలిసినవాడు నేరుగా గుమ్మంలోకే వస్తాడు, కాబట్టి గుమ్మంలోనే అడగాలి నువ్వెవరని. ఇవాళ గుమ్మంలో నన్నే అడిగింది, నువ్వెవరని.

గోడ వారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. పిల్లల కోసం చేసిన బెంచీ, మోకాళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. ఎదురుగా ఒక అట్టపెట్టె నిండా దిక్కులేని నీళ్ళ సీసాలు, మూతలు లేనివి కొన్ని, మూతలు మారిపోయినవి కొన్ని. పక్క క్లాసులో ఎక్కాలు వల్లెవేస్తున్నారు, మొదట్లో గొంతులన్నీ పోటీ పడుతున్నాయి, పైకి పోయేకొద్దీ ఒక్కొక్కటే జారిపోయి చివరికి ఒక్క మొండిఘటం గొంతు మిగులుతోంది. వరండా చివర నర్సు గది, తలుపుకి సగందాకా మసక అద్దం, అద్దం వెనక తెల్లగా ఏదో కదులుతోంది. ఏడుపు వినబడటం లేదు. వినబడితేనే బాగుండును. పన్నెండేళ్ళ పిల్ల గడ్డం పగిలి కూడా ఏడవకుండా పడుకుందంటే అది ధైర్యమా, ఎవరి ముందు ఏడవాలో తెలియకపోవడమా. నా ముందు తను ఎప్పుడూ ఏడవలేదు. మనసులో కూడా నేను "తను" అనే అనుకుంటాను, "అది" అనుకోను. అది అన్నం తిందా, అది పడుకుందా అని సొంత పిల్లల్ని అనుకునే చనువు ఒకటుంటుంది, ఆ చనువు ఎక్కడ దొరుకుతుందో నాకెవరూ చెప్పలేదు. వాళ్ళ నాన్న తనని "కందిరీగ" అంటాడు. మూడేళ్ళప్పుడు ఎవరి చేతిలో తీపి వస్తువు కనబడినా వాళ్ళ చుట్టూ జుంయ్‌మని తిరిగేదట, వాళ్ళమ్మ పెట్టిన పేరది. నేను ఒక్కసారీ అనలేదు. నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది, వేరేవాళ్ళ చెప్పుల్లో కాలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నట్టు.

తను నన్ను ఏమనీ పిలవదు. అసలు పిలవాల్సిన అవసరం రాకుండా మాటలు పేర్చుకుంటుంది, అందులో ఆ పిల్లకున్న నేర్పు నాకు ప్రోగ్రాములు రాయడంలో లేదు. పిలవాలనుకుంటే ఎదురుగా వచ్చి నిలబడుతుంది, నేను తలెత్తేదాకా నిలబడి, అప్పుడు "జామెట్రీ బాక్స్ ఎక్కడుందో చూశారా?" అంటుంది. మొదటిసారి కలిసిన రోజున, ఒక పార్కులో, ఐస్‌క్రీమ్ కరిగి చేతి మీద కారుతున్నా తుడుచుకోకుండా నన్ను ఎగాదిగా చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. ఎవరు ఏ పేజీ చూడొచ్చో, ఎవరు చూడకూడదో చూసే పని అన్నాను. కాసేపు ఆలోచించి, "అంటే వాచ్‌మెనా?" అంది. వాళ్ళ నాన్న నవ్వు ఆపుకోలేక బెంచీ మీంచి లేచి అటు వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను, తను మాత్రం నవ్వలేదు, నిజంగానే తెలుసుకోవాలనుకుంది. ఆ తరవాత మేం ముగ్గురం ఒక ఇంట్లో ఉండటం మొదలయ్యాక తెలిసింది, తను తలుపులు విసిరికొట్టే పిల్ల కాదు. ఆదివారం వాళ్ళమ్మ ఫోను వస్తే గదిలోకి వెళ్ళి తలుపు చాలా నెమ్మదిగా, గడియ చప్పుడు కాకుండా వేస్తుంది, నా మనసు నొచ్చుకోకూడదని. విసిరికొట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

నర్సు బయటికొచ్చింది, పొట్టిగా, చకచకా నడిచే మనిషి. రక్తం ఆగింది గానీ ఊరికే దూదితో ఎంతసేపని, కుట్లు ఎంత తొందరగా పడితే మచ్చ అంత సన్నగా ఉంటుందని గుమాస్తాతో చెప్పి వెనక్కి తిరగబోతుంటే లేచి నిలబడ్డాను. "నా నంబరు మీకెవరిచ్చారండీ? మీ దగ్గర నా నంబరు ఉండదు కదా." ఉండదని నాకు తెలుసు, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది. "పాపే చెప్పింది. గడగడా అప్పజెప్పేసింది, గడ్డం పట్టుకునే," అంది నర్సు. నేనెవరని చెప్పిందో అడగకూడదనుకుంటూనే అడిగాను. నర్సు కొంచెం తటపటాయించి, నవ్వి, "మా ఇంట్లో ఉంటారు, అంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఉంటారు. బల్లీ ఉంటుంది ఇంట్లో, అద్దెకొచ్చినవాళ్ళూ ఉంటారు. కానీ నంబరు కంఠతా పట్టింది. ఎప్పుడు పట్టింది, నేనెప్పుడూ చెప్పలేదు, మా ఆయన ఫోన్లో నంబర్లు చూస్తాడు గానీ ఆయనకే ఎవరిదీ నోటికి రాదు. ఫ్రిజ్ మీద గ్యాస్ నంబరు పక్కన నా నంబరు అంటించి ఉంటుంది, బహుశా నీళ్ళ సీసా తీసుకున్నప్పుడల్లా చూసి, ఎందుకైనా మంచిదని, ఒక్కొక్క అంకే నోట్లో వేసుకుని ఉంటుంది. ఎందుకైనా మంచిది. ఆ "ఎందుకైనా" ఇవాళే అయింది, ఆ పిల్ల నన్ను పిలిచింది, నేను వచ్చి ముప్ఫై అడుగుల అవతల పిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ సంచిలోనే ఉంది. సంచి తెరిచి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునేదాకా నా చేతులు నన్నడగలేదు.

మా యాప్‌లో అన్ని రోల్స్ పైన ఒక రోల్ ఉంది, దానికి అడ్డులేదు, అన్ని స్కూళ్ళూ, అందరు పిల్లలూ, అన్ని పేజీలూ. ఎక్కడైనా ముడి పడితే విప్పడానికి ఎవరో ఒకరికి ఉండాలి గనక ఉంది, తాతగారికొకటి, నాకొకటి. ఆ వేషంలో లోపలికి వెళ్ళి పాప పేజీ తీసి, అనుమతి ఉన్నవాళ్ళ వరసలో నా పేరు కొట్టాను. తండ్రి, తల్లి, వాళ్ళ కింద నేను, ఇంకా సేవ్ నొక్కలేదు గనక లేత రంగులో. ఒక్క నొక్కు. నొక్కితే గుమాస్తా తెర మీద ఆ వాక్యం మాయమవుతుంది, ఆమె "అయ్యో, ఇప్పుడు వచ్చిందండీ, ఇందాకే రావాల్సింది" అంటుంది, నేను ఆ మసక అద్దం తలుపు తోసుకుని వెళ్తాను. ఎవరికీ నష్టం లేదు. మా ఆయన రాత్రికి దిగి సంగతి విని, దొంగకి తాళాలిచ్చామన్నమాట అని నవ్వి, నా భుజం మీద చెయ్యి వేస్తాడు. మంచి పనికే కదా. మంచి మనసుతోనే కదా.

మంచి మనసు అనగానే ఒకావిడ గుర్తొచ్చింది. కిందటేడు మా యాప్ వాడే ఇంకో ఊరి స్కూల్లో ఒక పిల్లవాడి తండ్రి, పిల్లవాడి కోసం కోర్టులో భార్యతో పోట్లాడుతున్నవాడు, ఆఫీసులో ఒక ఉద్యోగి ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడట, ఒక్క పూట నా కొడుకుని నాతో పంపండి అని. ఆ ఉద్యోగి కరిగిపోయాడు. అప్పట్లో ఆఫీసువాళ్ళు కూడా అనుమతులు మార్చగలిగేవాళ్ళు, మేమే అలా పెట్టాం, పని సులువవుతుందని. ఒక్క పూట కాస్తా చాలా రోజులయింది, పిల్లవాడు ఎక్కడో వేరే ఊళ్ళో దొరికాడు, దొరికాడు, ఒంటి మీద గీత లేదు, కానీ తరవాత నెలల తరబడి తల్లి స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గరే కూర్చునేవాడట. ఆ తల్లి మా ఆఫీసుకి వచ్చింది. అరుస్తుందనుకున్నాం, మా పెద్దవాళ్ళు వకీలుని కూడా పిలిపించి పెట్టుకున్నారు. ఆవిడ అరవలేదు, ఇచ్చిన నీళ్ళు ముట్టలేదు, తలుపు తీసిందెవరో చెప్పండి చాలు అంది. చెప్పాం. "అతను చెడ్డవాడా?" అని అడిగింది. తాతగారు తల వంచుకుని, కాదండీ, అందరూ మంచివాడనే అంటున్నారు అన్నాడు. "చెడ్డవాడైతే నాకింత భయం ఉండేది కాదు," అని లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే కూర్చుని నేనూ తాతగారూ ఆఫీసు రోల్‌లోంచి ఆ అధికారం పీకేశాం. ఇకనుంచి తల్లో తండ్రో వాళ్ళ చేత్తో ఇస్తేనే. ఎంత జాలి పుట్టినా, ఎంత మంచివాళ్ళు అడిగినా. అంత కోపంగా నేను ఏ ప్రోగ్రామూ రాయలేదు, తప్పులు కూడా దొర్లలేదు అందులో.

లేత రంగులో నా పేరు ఇంకా అలాగే ఉంది. సేవ్ నొక్కితే దాని పక్కన ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది, అనుమతి ఇచ్చినవారు: ఎవరో కాదు, నేనే. నాకు నేనే. ఎప్పుడో ఒకరోజు పాప తల్లి ఆ పేజీ తెరిచి చూస్తుంది, తన పేరు కింద నా పేరు, దానికి తలుపు తీసింది కూడా నేను. ఆవిడని అడగకుండానే ఆవిడ ఉన్న ఇంట్లోకి, అంటే ఆవిడ ఒకప్పుడు ఉన్న ఇంట్లోకి వచ్చాను, అప్పుడు అడగాల్సిన పని లేదు, వాళ్ళు విడిపోయిన చాలాకాలానికి కదా నేను కలిసింది. కానీ ఇది ఇల్లు కాదు, ఈ పిల్ల. పేరు చెరిపేసి లాప్‌టాప్ మూశాను.

మా నాన్న ఒక ఫ్యాక్టరీలో గేట్‌మన్. సెలవుల్లో నేను క్యారియర్ పట్టుకెళ్ళేదాన్ని. గేటు దగ్గర ఎర్ర గీత ఉండేది, దాని లోపల అడుగు పెట్టనిచ్చేవాడు కాదు నన్ను, ఎవరూ చూడటం లేదు కదా నాన్నా అంటే, "నేను చూస్తున్నానుగా" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆయన నన్ను ఎప్పుడూ అక్కడ ఒంటరిగా నిలబెట్టలేదు, ఇంకొకరిని కుర్చీలో కూర్చోబెట్టి, తనే గీత దాటి బయటికొచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చుని తినేవాడు. నువ్వు లోపలికి రాకూడదు, నేను బయటికి రాకూడదని ఎవరన్నారు అనేవాడు, నోటినిండా ముద్ద పెట్టుకుని. అవును. తలుపు తియ్యగలిగినవాళ్ళు లోపలున్నారు, పిలవాలి వాళ్ళని, అంతే కదా. పాప తల్లి ఫోను ఎత్తడం లేదంటే ఫోను దగ్గర లేదన్నమాట. ఆవిడ ఈత నేర్పుతుంది, మధ్యాహ్నం పూట నీళ్ళలో ఉంటుంది, ఫోను ఏ అలమారలోనో మోగి మోగి చచ్చిపోతూ ఉంటుంది. నీళ్ళలో ఉన్న మనిషిని గట్టు మీదున్నవాళ్ళు పిలవాలి. పాప రాత్రిళ్ళు వేసుకునే నీలం చొక్కా ఒకటుంది, వాళ్ళమ్మ పంపినది, వెనక ఈతకొలను పేరు తెల్లటి అక్షరాల్లో. ఎన్నిసార్లు ఉతికానో, లోపలిది బయటికి తిప్పి నీడలో ఆరేశాను, ఆ అక్షరాలు పగలకూడదని. ఆ ఇంట్లో నాకు దక్కిన పేజీ అదొక్కటే అనుకుని ఉక్రోషపడ్డాను కూడా ఒకసారి. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ పేరు చెప్పాను. గుమాస్తా వెతికి, నంబరు పట్టి, మోగించి, ఎవరితోనో గట్టిగా మాట్లాడింది, "కోచ్‌గారిని పిలవండి, వాళ్ళ పాప స్కూల్ నుంచి" అంటూ. చాలాసేపు రిసీవర్ చెవికి ఆనించుకుని కూర్చుంది. తరవాత గబగబా సంగతంతా చెప్పి, నావైపు చూసి, కౌంటర్ అద్దానికున్న సగం చందమామ లాంటి కన్నంలోంచి రిసీవర్ నా చేతికిచ్చింది. "మీతో మాట్లాడతారట."

"ఏడుస్తోందా?" అని వినబడింది అటునుంచి. గొంతు నేననుకున్నట్టు లేదు, బొంగురుగా ఉంది, వెనక ఈలలు, నీళ్ళ చప్పుడు.

"తెలీదండీ. నన్నింకా లోపలికి పంపలేదు."

"మీరు..."

"ఆ, నేనే."

"ఓ," అంది. "నేనిప్పుడు బయల్దేరినా రాత్రవుతుంది."

"మీరు యాప్‌లో నాకు అనుమతి ఇస్తే నేను తీసుకెళ్తానండీ. మీకిష్టం లేకపోతే ఆయన దిగేదాకా నేనిక్కడే కూర్చుంటాను."

"ఒక్కసారికి పంపెయ్యమని వాళ్ళని బతిమాలలేకపోయారా?"

"బతిమాలకూడదండీ. నేను కాకుండా ఇంకెవరో వచ్చి బతిమాలినా పంపకూడదు కదా."

అటు ఒక ఈల మోగి ఆగిపోయింది. తరవాత, "ఉండండి, ఫోన్ తెస్తాను," అంది. తడికాళ్ళ చప్పుడు దూరమై మళ్ళీ దగ్గరైంది. ఇక మొదలైంది మా అవస్థ. పాస్‌వర్డ్ తప్పు. మళ్ళీ తప్పు. తడివేళ్ళకి తెర పలకలేదు, తువ్వాలుతో తుడుచుకుంది. లోపలికి వెళ్ళాక అనుమతుల పేజీ ఎక్కడుందో కనబడలేదు. పైన మూల మూడు గీతలున్నాయి చూడండి అన్నాను, గీతలెక్కడున్నాయి అంది, అవి నొక్కితే ఇంకో పేజీ వస్తుంది, అక్కడ కిందికంటా వెళ్ళాలి అన్నాను, కిందికి ఎంతని వెళ్ళను, పాతాళందాకానా అంది. "ఎవరు చేశారమ్మా ఈ దిక్కుమాలిన యాప్, వాళ్ళ చేతులు విరిగిపోను!"

"నేనేనండీ," అన్నాను.

అటునుంచి వినబడింది, ముక్కుతో ఒక చిన్న చప్పుడు, ఆపుకోబోయి ఆపుకోలేకపోయిన నవ్వు, దాంతో నాకూ వచ్చేసింది, గుమాస్తా నన్ను చూసి ఏమనుకుందో. నవ్వుతూనే ఆవిడ "దొరికింది, దొరికింది" అంది. కొత్త మనిషిని చేర్చు. పేరు. నా పేరు నేను చెప్పక్కర్లేకుండానే కొట్టింది. తరవాత బంధుత్వం అని ఒక గడి, నొక్కితే వరస దిగుతుంది, ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టింది, అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, బాబాయి, డ్రైవరు, పక్కింటివారు, ఇతరులు. అందులో నాకు సరిపడే మాట లేదు. భాషలో ఒక మాట ఉంది, తల్లికి ముందు తగిలించేది, మనకి గిట్టకపోతే దేనికైనా ఆ ప్రేమ అనే పేరు పెడతాం, ఆఫీసులో జీతాలు పెంచకపోయినా అదే ప్రేమ అంటాం. ఆ వరస రాసినప్పుడు నాకు ఇంకా పెళ్ళి కాలేదు, అయినా ఆ మాట పెట్టబుద్ధి కాలేదు.

"ఇతరులు అని పెట్టెయ్యండి, సరిపోతుంది," అన్నాను.

"ఇతరులేంటి, ఇంట్లో మనిషిని పట్టుకుని," అంది. "మీ వయసెంత?"

చెప్పాను.

"అయితే నాకంటే చిన్నే. పిన్ని అని పెడుతున్నాను. అమ్మకి చెల్లెలి వరసే కదా."

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు, ఏ పేజీలు చూడొచ్చో ఒక్కొక్కటే చదివి పెడుతోంది. గేటు దాటించడం, ఇచ్చాను. ఆరోగ్యం, ఇచ్చాను. మార్కులు, పాపం చూస్తే చూడండి, ఏమంత గొప్పవి కావు. తరవాత ఆగింది. స్కూల్లో కౌన్సిలర్‌తో పాప మాట్లాడుకున్నవాటి పేజీ. "ఇది మాత్రం ఇవ్వలేనండీ. ఏమీ అనుకోకండి."

"ఇవ్వకండి," అన్నాను. నిజంగానే అన్నాను, గొంతులో ఏ వెలితీ లేకుండా. ఆ పేజీ మూసి ఉందని తెలిసే పాప అక్కడ నోరు విప్పుతుంది.

ఎప్పటిదాకా అనేది చివరి గడి. ఇవాళ ఒక్కరోజు అనొచ్చు, ఎప్పటికీ అనొచ్చు. ఆవిడ చాలాసేపు ఏమీ నొక్కలేదు. "ఒక ఏడాది పెడుతున్నాను. అయిపోయాక మళ్ళీ అడగండి. ఆ వంకతోనైనా మనం ఒకసారి మాట్లాడుకుంటాం," అంది. తరవాత గొంతు మారిపోయింది, బొంగురు ఇంకొంచెం పెరిగింది. "కుట్లు వేసేముందు మత్తుసూది వేస్తారో లేదో కనుక్కో. దానికి సూదంటే భయం, పైకి చెప్పదు. కనుక్కోండి, అదే, కనుక్కోండి."

"కనుక్కుంటానండీ," అన్నాను. గుమాస్తా తెర వంక చూసి నావైపు చూసి, మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వి, వరండా చివరికి చెయ్యి చూపించింది. ఆ వరండా ఎంతో లేదు, కానీ సగం దాటాక నా నడక పరుగైపోయింది, పెద్దదాన్ని, స్కూల్లో పరిగెత్తకూడదని గోడ మీద రాసే ఉంది.

గదిలో పాప మంచం మీద కూర్చుని ఉంది, పడుకోలేదు. ఒక చేత్తో గడ్డం కింద దూది పట్టుకుంది, చొక్కా ముందంతా రక్తం మరకలు, ఒక కాలి బూటు లేస్ ఊడిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చిందన్నమాట, ఎప్పుడో, ఎవరికీ వినబడకుండా. నన్ను చూసి, నోరు పూర్తిగా తెరవకుండా పళ్ళ మధ్యనుంచి అడిగింది, "అమ్మ దొరికిందా?"

"దొరికింది. ఇప్పుడే మాట్లాడాను."

"తిట్టిందా?"

"తిట్టింది."

"నన్నా?"

"కాదు, నన్ను. నా చేతులు విరిగిపోవాలంది."

తన కళ్ళు ఇంతింతయ్యాయి. నేను అబద్ధం ఆడుతున్నానేమోనని ఒకసారి నా మొహం వెతికింది, నిజమేనని తేలాక నవ్వు తన్నుకొచ్చింది, రావడంతోనే "అబ్బా, నవ్వించకండి" అని రెండో చేత్తో కూడా గడ్డం పట్టుకోబోయింది, దూది జారింది, ఆగిన రక్తం మళ్ళీ ఒక సన్నటి గీతలా మొదలైంది. నర్సు అవతల అలమార తెరిచి ఏదో వెతుకుతోంది. నేను కొత్త దూది తీసి గడ్డం కింద అదిమి పట్టుకున్నాను. రెండో చెయ్యి తల వెనక ఎప్పుడు పెట్టానో తెలియదు. ఆ పిల్ల మొహం నేను ముట్టుకోవడం అదే మొదలు, వేడిగా, చెమటగా ఉంది, నవ్వు ఇంకా పూర్తిగా ఆగక నా అరచేతిలో అదురుతోంది.

"గట్టిగా నొక్కేస్తున్నారు," అంది.

వెంటనే చెయ్యి సడలించాను.

"మరీ అంత వదిలెయ్యకండి," అంది.